లేజర్ కాంతికి కేంద్రకపు స్పిన్ ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: మా కళాశాల ప్రయోగశాలలో సోడియం దీపపు పసుపు గీతలు రెండింటినీ గ్రేటింగ్‌తో విడదీసి చూశాం. కేంద్రకాల స్పిన్‌నూ అయస్కాంత భ్రామకాన్నీ లేజర్‌తో కొలుస్తారని ఆ తర్వాత చదివాను. కంటికి కనిపించే కాంతి శక్తి రెండు మూడు ఎలక్ట్రాన్ వోల్టులే కదా, కేంద్రకాన్ని కదిలించాలంటే సాధారణంగా లక్షల్లో కావాలి. మరి ఈ కొలత ఎలా సాధ్యం?
— బి.ఎస్సీ. విద్యార్థిని, బొబ్బిలి

జవాబు: మీ సందేహం సరైనదే. లేజర్ కాంతి కదిలించేది బయటి ఎలక్ట్రాన్‌నే; కేంద్రకం సంగతిని మనకు చేరవేసేది కూడా ఆ ఎలక్ట్రానే. స్పిన్ ఉన్న కేంద్రకం ఒక చిన్న అయస్కాంతం. తన చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్ కలిగించే అయస్కాంత క్షేత్రంలో అది కొన్ని నిర్ణీత దిశల్లోనే నిలవగలదు, ఒక్కో దిశకు శక్తి కొద్దిగా వేరుగా ఉంటుంది. అందువల్ల ఒకటిగా కనిపించిన ఎలక్ట్రాన్ స్థాయి చీలిపోతుంది. దీన్ని హైపర్‌ఫైన్ నిర్మాణం అంటారు. ఇలాంటి చీలికకు కేంద్రకపు అయస్కాంతత్వం కారణం కావచ్చునని 1924లో భౌతిక శాస్త్రవేత్త పౌలి సూచించారు.

ఆ చీలిక ఎంత సన్ననిదో మీ ప్రయోగంతోనే పోల్చి చూడండి. టెలిస్కోప్ స్క్రూ తిప్పుతూ క్రాస్‌వైర్‌ను ఒక పసుపు గీత మీంచి రెండోదాని మీదికి జరిపినప్పుడు మీరు దాటిన ఎడం, పౌనఃపున్యంలో చెప్పాలంటే, సుమారు 515 గిగాహెర్ట్జ్. పొటాషియం-39 భూస్థాయి (అతి తక్కువ శక్తి గల స్థాయి)లోని చీలిక 462 మెగాహెర్ట్జ్ మాత్రమే, అంటే అందులో వెయ్యో వంతు కూడా లేదు. పైగా వేడి ఆవిరిలో పరమాణువులు అన్ని దిక్కులా పరుగెడుతుంటాయి కాబట్టి డాప్లర్ ప్రభావంతో (కదలిక వల్ల పౌనఃపున్యం మారినట్టు కనిపించడంతో) పొటాషియం గీత 800 మెగాహెర్ట్జ్‌కు మించి అలుక్కుపోతుంది. 1920లలో మీ జిల్లాలోని విజయనగరం మహారాజా కళాశాలలోనే ఎ.ఎల్. నారాయణ్ గారు లోహపు ఆవిరుల వర్ణపటాలపై పరిశోధన చేశారు. ఆవిరిని వేడిచేసి చూసే వారందరికీ ఈ అలుకుడు తప్పని అడ్డంకి.

దీనికి 1976లో సూచించిన మందు వేగమే. ఈ విషయంలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది ఇదే. ఒక మేడ మీంచి ఒక రాయిని ఊరికే వదిలి, మరో రాయిని సెకనుకు 1 మీటరు వేగంతో కిందికి విసిరారనుకోండి. మొదటిది సెకనుకు 20 మీటర్ల వేగంతో నేలను తాకితే, రెండోది 20.025 మీటర్ల వేగంతో తాకుతుంది; మొదట 1 మీటరున్న తేడా 0.025కు కుదించుకుపోయింది. అదే విధంగా అయాన్లను 30 నుంచి 60 వేల వోల్టులతో తోస్తే వాటి వేగాల మధ్య తేడా ఎంతగానో తగ్గి, గీత వెడల్పు కొన్ని పదుల మెగాహెర్ట్జ్‌కు దిగుతుంది. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన సంస్థలోని ఐసోల్డె కేంద్రంలో అలాంటి పొటాషియం అయాన్లను క్షారలోహపు ఆవిరి గుండా పంపి, అక్కడ ఎలక్ట్రాన్‌ను అందుకుని తటస్థమైన పరమాణువుల మీద అదే దారి వెంట లేజర్‌ను ప్రసరింపజేస్తారు. లేజర్ పౌనఃపున్యాన్ని మార్చరు; వోల్టేజి మారితే పరమాణువుల వేగం మారి, డాప్లర్ ప్రభావం వల్ల వాటికి అందే పౌనఃపున్యమే మారుతుంది. వోల్టేజిని కొద్దికొద్దిగా మారుస్తూ, ఏ వోల్టేజి దగ్గర పరమాణువులు వెలుగుతున్నాయో అతి మసక కాంతిని కూడా పసిగట్టే ఫోటోమల్టిప్లయర్‌తో లెక్కిస్తారు.

769.9 నానోమీటర్ల పొటాషియం గీతలో పై స్థాయి, కింది స్థాయి రెండూ రెండేసిగా చీలుతాయి కనుక నాలుగు గీతలు రావాలి. కేంద్రకపు స్పిన్ 1/2 అయితే వాటిలో ఒక పరివర్తనం (ఒక స్థాయి నుంచి మరోదానికి మారడం) నిషిద్ధం, మూడే కనిపిస్తాయి. 3/2కూ 5/2కూ నాలుగేసి గీతలే వస్తాయి కాబట్టి అక్కడ గీతల ఎత్తుల నిష్పత్తిని చూడవలసి ఉంటుంది. ఇక అయస్కాంత భ్రామకానికి, ఎలక్ట్రాన్ క్షేత్రాన్ని నేరుగా లెక్కగట్టడం కష్టం కనుక, అదే మూలకంలో భ్రామకం ముందే తెలిసిన స్థిరమైన ఐసోటోప్ చీలికతో కొత్తదాన్ని పోలుస్తారు. ఇలా వచ్చే విలువలో దోషం సాధారణంగా ఒక శాతం లోపే.

ఈ పద్ధతి ఏం చూపగలదో పొటాషియంలోనే ఉంది. స్థిరమైన 39, 41 ఐసోటోపుల స్పిన్ 3/2. అయితే 28 న్యూట్రాన్లున్న పొటాషియం-47 స్పిన్ 1/2గా తేలింది. భ్రామకం కూడా పొటాషియం-39లోని 0.39 న్యూక్లియర్ మాగ్నెటాన్ల (కేంద్రక భ్రామకాలను కొలిచే ప్రమాణం) నుంచి 1.93కు పెరిగింది. న్యూట్రాన్లు పెరిగేకొద్దీ ప్రోటాన్ల కక్ష్యల వరుస తారుమారైందని దీని అర్థం. 2013లో వెలువడిన ఫలితాల ప్రకారం పొటాషియం-49 స్పిన్ కూడా 1/2యే. అర్ధాయువు 0.4 సెకన్లకు లోపే ఉన్న పొటాషియం-51 మాత్రం తిరిగి నాలుగు గీతలు చూపి, 3/2కు వచ్చింది.