టెక్ సందేహాలు: హీట్‌మ్యాప్‌లో ఎర్ర మచ్చ పడితే మోడల్‌ని నమ్మొచ్చా?

వైద్య పరిశోధనలో ఓపెన్ డేటా, ఎక్స్‌ప్లెయినబుల్ ఏఐ (మోడల్ తన అంచనాకు ఎలా వచ్చిందో చూపే పద్ధతులు) గురించి ఈమధ్య ప్రశ్నలు బాగా పెరిగాయి. ఎక్కువమంది గ్రాఫ్ గీయడం దాకా వచ్చి, దాన్ని ఎలా చదవాలో తెలియక ఆగిపోతున్నారు. వాటిలో కొన్ని ఇవి.

ప్రశ్న: షుగర్ ముప్పును అంచనా వేసే మోడల్ మా ఫైనలియర్ ప్రాజెక్టు. పిమా ఇండియన్స్ డేటాసెట్ వాడాం. షాప్ గ్రాఫ్‌లో (అంచనాలో ఏ అంశం వాటా ఎంతో చూపే బొమ్మ) గ్లూకోజ్, బీఎంఐల తర్వాత ఇన్సులిన్ వచ్చింది. ‘భారతీయుల్లో షుగర్‌కు ఇన్సులిన్ స్థాయి ఒక ప్రధాన కారణం’ అని రిపోర్టులో రాయొచ్చా? – బీటెక్ విద్యార్థిని, గుంటూరు

రాయకండి. ఆ ఒక్క వాక్యంలో మూడు తప్పులున్నాయి.

మొదటిది పేరు దగ్గరే. పిమాలంటే అమెరికాలోని అరిజోనాలో ఉండే ఆదివాసీ తెగ, మనం కాదు. డేటాలోని 768 మందీ 21 ఏళ్లు, ఆపై వయసున్న మహిళలే. షుగర్ ఉన్నట్టు నమోదైంది 268 మందికి. మన జనం గురించి గానీ, మగవాళ్ల గురించి గానీ ఈ ఫైలు ఏమీ చెప్పలేదు.

రెండోది సున్నాలు. ఇన్సులిన్ కాలమ్‌లో 374 వరసల్లో 0 ఉంది, అంటే దాదాపు సగం. చర్మం మందంలో 227, రక్తపోటులో 35, బీఎంఐలో 11, గ్లూకోజ్‌లో 5 సున్నాలున్నాయి. బతికున్న మనిషికి బీపీ సున్నా ఉండదు. కొలత లేని చోట ఖాళీ వదలాల్సింది పోయి సున్నా పడింది. మోడల్‌కి ఆ సంగతి తెలియదు కాబట్టి సున్నాను ‘చాలా తక్కువ ఇన్సులిన్’గానే చదువుకుంటుంది. మీ షాప్ చుక్కల గ్రాఫ్‌ను మళ్లీ తెరిచి ఇన్సులిన్ వరస చూడండి. నీలం చుక్కలు ఒకేచోట గుట్టపడి ఉంటే అవి తక్కువ ఇన్సులిన్ ఉన్నవాళ్లవి కావు, కొలత లేనివాళ్లవి.

మూడోది, షాప్ చెప్పేది మోడల్ గురించే గానీ శరీరం గురించి కాదు. ఈ మోడల్ ఈ అంకె మీద ఎంత ఆధారపడిందో చెబుతుంది, అంతవరకే. దాన్ని ‘కారణం’ అనకూడదు. గ్లూకోజ్ మొదట రావడం కూడా కొత్త విషయమేం కాదు. షుగర్‌ని నిర్ధారించిందే గ్లూకోజ్ పరీక్షతో కదా.

ఇలా సరిదిద్దండి. పైన చెప్పిన ఐదు కాలమ్‌లలో సున్నాలను ఖాళీలుగా మార్చండి. ‘గర్భాల సంఖ్య’ కాలమ్‌ను మాత్రం ముట్టుకోవద్దు, అక్కడ సున్నా నిజమైన సున్నానే. తర్వాత డేటాను ట్రైన్ (మోడల్ నేర్చుకునే భాగం), టెస్ట్ (దాన్ని పరీక్షించే భాగం)గా విడగొట్టి, ట్రైన్ భాగంలోని మీడియన్‌తోనే (వరసలో నడిమి విలువ) ఖాళీలు నింపండి. ముందే మొత్తం ఫైలు మీడియన్ తీస్తే టెస్ట్ సమాచారం ట్రైన్‌లోకి కారిపోతుంది. ‘ఇన్సులిన్ కొలిచారా లేదా’ అని 0/1 కాలమ్ ఒకటి చేర్చి ఒకసారి, చేర్చకుండా ఒకసారి నడపండి. షాప్ ప్రాముఖ్యం ఆ కొత్త కాలమ్‌కి వెళ్లిపోతే ఇన్నాళ్లూ మోడల్ దేన్ని చదివిందో తేలిపోతుంది.

ఎక్స్‌జీబూస్ట్ (చాలా నిర్ణయ వృక్షాలను కలిపే పద్ధతి) వాడుతుంటే ఇంకో జాగ్రత్త. షాప్ విలువలు మామూలుగా లాగ్-ఆడ్స్‌లో (జబ్బు ఉండే, లేని అవకాశాల నిష్పత్తి అయిన ఆడ్స్‌కు లాగరిథమ్) వస్తాయి. 0.7 అంటే 70 శాతం కాదు, ఆడ్స్ సుమారు రెట్టింపయిందని. వయసు, గర్భాల సంఖ్య కలిసి పెరిగే అంకెలు. అలాంటి రెండిటి మధ్య షాప్ ప్రాముఖ్యాన్ని పంచేస్తుంది, ఆ పంపకం సీడ్ (యాదృచ్ఛిక ఎంపికలను మొదలుపెట్టే అంకె) మారితే మారుతుంది. 20 వేర్వేరు సీడ్‌లతో నడిపి, ప్రతిసారీ అదే వరస వస్తేనే ‘మూడో స్థానం’ అని రాయండి. 768 వరసల్లో ఐదో వంతు తీస్తే టెస్ట్‌కి మిగిలేది 154 మందే. అంత చిన్న గుంపులో స్థానాలు తేలిగ్గా తారుమారవుతాయి.

వివరణ నిజంగా పనికొచ్చిన సందర్భం ఒకటి చెబుతాను. 2015లో ఏఐ పరిశోధకుడు రిచ్ కరువానా బృందం న్యుమోనియా రోగుల ముప్పు లెక్కగట్టే మోడల్‌ని విప్పి చూపింది. ఆస్తమా ఉన్నవాళ్లకు చనిపోయే ముప్పు తక్కువని మోడల్ నేర్చుకుంది! ఆస్తమా ఉన్నవాళ్లను నేరుగా ఐసీయూకి పంపి గట్టి చికిత్స చేయడం వల్ల వాళ్లు ఎక్కువగా బతికారు. డేటాలో ఉన్నది ఆ చికిత్స ఫలితం. ఆ మోడల్‌నే ఇంటికి పంపాలా, చేర్చుకోవాలా అనే నిర్ణయానికి వాడి ఉంటే ఆస్తమా రోగుల్ని ఇంటికి పంపేది. డేటాలో దాగిన ఇలాంటి చరిత్రను పట్టుకోవడానికి వివరణను వాడండి. మీ రిపోర్టులో ‘సున్నాల కథ’ ఒక పేజీ రాస్తే, ఏయూసీ (జబ్బున్నవాళ్లను లేనివాళ్ల నుంచి మోడల్ ఎంత బాగా విడదీస్తుందో చెప్పే అంకె, 0.5 అంటే బొమ్మాబొరుసుతో సమానం) 0.84 అని రాసినదానికంటే విలువైన పని చేసినట్టే.

ప్రశ్న: కంటి ఫొటోల్లో డయాబెటిక్ రెటినోపతి (షుగర్ వల్ల రెటీనాకు వచ్చే జబ్బు) గుర్తించే రెస్‌నెట్-50 (ఫొటోలను గుర్తించే న్యూరల్ నెట్‌వర్క్) మోడల్ చేశాను. డేటా ఐడీఆర్ఐడీ. ఫొటోని 224 పిక్సెళ్లకు తగ్గించి ఇచ్చాను. గ్రాడ్-క్యామ్‌లో (మోడల్ ఫొటోలో ఎక్కడ చూసిందో రంగుల్లో చూపే హీట్‌మ్యాప్) ఎర్ర మచ్చ రెటీనా మీదే పడుతోంది. ‘మోడల్ సరైన చోటే చూస్తోంది’ అనుకోవచ్చా? – ఎంటెక్ విద్యార్థి, వరంగల్

అనుకోవద్దు. ముందు లెక్క చూడండి.

ఐడీఆర్ఐడీ ఫొటోలు మహారాష్ట్ర నాందేడ్‌లోని కంటి క్లినిక్‌లో తీసినవి. మొత్తం 516, ఒక్కోటి 4288×2848 పిక్సెళ్లు. వెడల్పును 224కి కుదిస్తే అసలు ఫొటోలోని 19 పిక్సెళ్లు ఒక్క పిక్సెల్‌గా మిగులుతాయి. 20 పిక్సెళ్ల వెడల్పున్న సూక్ష్మ రక్తనాళపు ఉబ్బు, అదే మైక్రోఅన్యూరిజం, ఒక్క చుక్కయి పక్క రంగులో కలిసిపోతుంది. జబ్బు మొదటి దశ గుర్తే అది. మోడల్ చేతికి అందకముందే చెరిగిపోయింది.

గ్రాడ్-క్యామ్ ఇంకా ముతక. రెస్‌నెట్ చివరి కన్వల్యూషన్ పొర (ఫొటోలో ఆకారాలను వెతికే పొర) దగ్గర మీ ఫొటో 7×7 గళ్లయి ఉంటుంది. అంటే ఒక్కో గడి అసలు ఫొటోలో సుమారు 612 పిక్సెళ్ల వెడల్పు. ఆ 49 గళ్లను సాగదీసి నునుపు చేస్తేనే మీకు కనిపించే అందమైన ఎర్ర మచ్చ. అది రెటీనా మీద పడటంలో వింతేముంది, ఫొటోలో రెటీనా కాక మిగిలింది నల్ల అంచే. ముందు ఆ అంచు కత్తిరించి, 512 లేదా 1024 సైజుకు వెళ్లండి. 512కి 16×16 గళ్లు వస్తాయి. జీపీయూ మెమరీ చాలకపోతే బ్యాచ్ సైజు 4కి తగ్గించుకోండి. సైజు మాత్రం తగ్గించొద్దు.

ఇక పరీక్షలు. ఈ డేటాసెట్‌లో గొప్ప సదుపాయం ఏమిటంటే 81 ఫొటోలకు మైక్రోఅన్యూరిజాలు, రక్తస్రావాలు, గట్టి, మెత్తని ఎక్సుడేట్లు (రెటీనా మీద కనిపించే పసుపు, తెల్ల మచ్చలు) ఎక్కడున్నాయో పిక్సెల్ స్థాయిలో నిపుణులు గీసి ఉంచారు. సీసీ బై 4.0 లైసెన్సుతో అందరికీ ఇచ్చారు. చాలామంది గ్రేడింగ్ (జబ్బు తీవ్రత దశ) ఫైళ్లు దింపుకుని ఈ గీతల ఫైళ్ల, అంటే మాస్కుల జోలికే వెళ్లరు. మీ హీట్‌మ్యాప్‌లో అత్యధిక విలువున్న బిందువు ఆ మాస్కుల్లో ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టండి. పక్కనే రెండు పోలికలు ఉండాలి. ఎక్కడో యాదృచ్ఛికంగా వేసిన బిందువు ఎన్నిసార్లు పడింది, ఫొటో నడిమధ్య బిందువు ఎన్నిసార్లు పడింది? వీటికంటే మీది గణనీయంగా మెరుగైతేనే చెప్పుకోవాలి. ఆ 81 ఫొటోలు మీ శిక్షణలో కలిసిపోలేదని చూసుకోండి. ఫైలు పేర్లను నమ్మకుండా ఇమేజ్ హాష్‌తో (ఫొటో నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి అంకె) పోల్చండి.

రెండో పరీక్ష, మోడల్ చివరి పొర బరువుల్ని యాదృచ్ఛిక అంకెలతో మార్చి హీట్‌మ్యాప్ మళ్లీ గీయండి. మోడల్ పాడైపోయాక కూడా పాత బొమ్మే వస్తే ఆ బొమ్మ మోడల్‌ని వివరించడం లేదు, ఫొటో అంచుల్ని గీస్తోంది. 2018లో అడెబాయో బృందం ఇలాగే పరీక్షిస్తే గైడెడ్ బ్యాక్‌ప్రాప్ లాంటి పేరున్న హీట్‌మ్యాప్ పద్ధతులు తప్పాయి. గ్రాడ్-క్యామ్ నెగ్గింది. అయినా మీ మోడల్ మీద మీరు చేయాలి.

మూడోది నాకు అన్నిటికంటే నమ్మకమైనది. మాస్కు సాయంతో మచ్చల్ని చుట్టుపక్కల రంగుతో కప్పి, జబ్బు సంభావ్యత ఎంత తగ్గిందో చూడండి. అదే విస్తీర్ణంలో మచ్చల్లేని చోట కూడా కప్పి చూడండి. కప్పడమే ఫొటోకి కొత్త మరక కాబట్టి ఈ రెండోది లేకపోతే మొదటి అంకెకు అర్థం లేదు. మచ్చలు కప్పినా సంభావ్యత కదలకపోతే మోడల్ ఇంకెక్కడో చదువుతోంది. ఫొటో వెలుతురు, పదును, కెమెరా తేడా, ఏదైనా కావచ్చు.

ప్రశ్న: అమెరికా ఎన్ఐహెచ్ (జాతీయ ఆరోగ్య సంస్థ) ఛాతీ ఎక్స్-రేల మీద బాగా పనిచేసిన మోడల్ మా ఆస్పత్రి ఎక్స్-రేల మీద బోల్తా పడింది. ఎందుకు? – రేడియాలజీ పీజీ, తిరుపతి

2017లో విడుదలైన ఆ సంచయంలో 1,12,120 ఫొటోలు, 30,805 మంది రోగులు. అంటే ఒక్కొక్కరివి సగటున మూడున్నర పైనే. ఫొటోల వారీగా విడగొడితే ఒకే మనిషి ట్రైన్‌లోనూ టెస్ట్‌లోనూ ఉంటాడు. రోగి ఐడీ వారీగా విడగొట్టారో లేదో మొదట అడగండి.

రెండు, అక్కడి లేబుళ్లు రిపోర్టుల పాఠం నుంచి సాఫ్ట్‌వేర్ ఏరినవి. న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) అని రాసి ఉన్న చాలా ఫొటోల్లో అప్పటికే ఛాతీలో గొట్టం వేసి ఉంది. మోడల్ గాలి బదులు గొట్టాన్ని నేర్చుకుంటే గొట్టం వేయని, అంటే అసలు గుర్తించాల్సిన రోగిని వదిలేస్తుంది. 2018లో న్యుమోనియా మీద వచ్చిన ఒక పరిశీలనలో మోడళ్లు ఎక్స్-రే ఏ ఆస్పత్రిదో దాదాపు తప్పు లేకుండా పట్టేశాయి. ఫిల్మ్ మూలన పెట్టే లోహపు గుర్తులు కూడా అందుకు సాయపడ్డాయి. ఏ ఆస్పత్రిలో న్యుమోనియా ఎక్కువో తెలిస్తే ఊపిరితిత్తులు చూడకుండానే మార్కులు వస్తాయి.

మీ దగ్గర చేయాల్సింది: ఊపిరితిత్తుల భాగం పూర్తిగా నల్లగా కప్పి, అంచులు మాత్రమే మోడల్‌కి ఇవ్వండి. అప్పుడూ 0.5 కంటే బాగా ఎక్కువ ఏయూసీ వస్తే విషయం తెలిసిపోయినట్టే. మంచం దగ్గర తీసిన ఏపీ (కిరణం ఛాతీ ముందు నుంచి వెనక్కి వెళ్లే) ఫిల్ములను, నిలబెట్టి తీసిన పీఏ (వెనక నుంచి ముందుకు వెళ్లే) ఫిల్ములను విడివిడిగా లెక్కకట్టండి.

ప్రశ్న: మా సెంటర్‌లోని 2,000 అల్ట్రాసౌండ్, తల సీటీ స్కాన్‌లను పరిశోధకులకు ఉచితంగా ఇవ్వాలనుంది. పేర్లు తీసేసి, ఎంఆర్ నంబర్లను (ఆస్పత్రి ఒక్కో రోగికి ఇచ్చే నంబరు) ఎస్‌హెచ్‌ఏ-256తో హాష్ చేశాం (నేరుగా వెనక్కి తిప్పలేని సంకేతంగా మార్చాం). చాలుతుందా? – రేడియాలజిస్టు, కరీంనగర్

మంచి సంకల్పం. మన జనం డేటా ఓపెన్‌గా దొరకడం ఎంతో అవసరం. కానీ ఇప్పుడున్నట్టు ఇవ్వొద్దు. ఏడంకెల ఎంఆర్ నంబర్లు మొత్తం కోటే. ఆ కోటినీ హాష్ చేసి జాబితా తయారు చేయడానికి మామూలు ల్యాప్‌టాప్‌కి నిమిషం చాలు. జాబితా ఉంటే ప్రతి హాష్ వెనకున్న నంబరూ బయటపడుతుంది. హాష్ బదులు యాదృచ్ఛిక ఐడీలు ఇచ్చి, రెండిటినీ కలిపే పట్టికను ఆస్పత్రిలోనే తాళం వేసి ఉంచండి.

డైకామ్ (స్కాన్‌లను భద్రపరిచే ప్రామాణిక రకం) ఫైల్లో పేరు 0010,0010 ట్యాగ్‌లో ఉంటుంది, పుట్టిన తేదీ 0010,0030లో. వాటిని తీసినా ఆస్పత్రి పేరు (0008,0080), రిఫర్ చేసిన డాక్టరు పేరు (0008,0090), కంపెనీలు పెట్టుకునే ప్రైవేట్ ట్యాగ్‌లు మిగిలిపోతాయి. ఒక్కొక్కటి తీసేయడం కాకుండా, ఉంచాల్సినవి మాత్రమే జాబితా చేసుకుని మిగతావన్నీ తొలగించడం క్షేమం. అల్ట్రాసౌండ్‌లో పేరు బొమ్మ మీదే అచ్చయి ఉంటుంది. బొమ్మలో రాత ఉందో లేదో చెప్పే 0028,0301 ట్యాగ్ తరచూ ఖాళీగానే ఉంటుంది, దాన్ని నమ్మొద్దు. పై పట్టీని పిక్సెళ్లతో సహా కత్తిరించండి. తల సీటీ నుంచి ముఖాన్ని తిరిగి నిర్మించవచ్చు కాబట్టి ముఖభాగం చెరపాలి. తేదీలను ఒక్కో రోగికి ఒక్కో సంఖ్యలో జరపండి, ఆ రోగి అన్ని స్కాన్‌లకూ అదే సంఖ్య. అప్పుడు మధ్య వ్యవధి చెడదు.

రిపోర్టులు కూడా ఇస్తుంటే ఇంకా జాగ్రత్త. ఇంగ్లిష్ పేర్ల మీద శిక్షణ పొందిన తొలగింపు సాఫ్ట్‌వేర్లు మన ఇంటిపేర్లను, ఊళ్ల పేర్లను వదిలేస్తాయి. అమెరికా ఆరోగ్య గోప్యతా చట్టం హిపా నియమంలోని 18 గుర్తింపుల జాబితాలో ఆధార్ అనో ఆరోగ్యశ్రీ కార్డు అనో పేరు పెట్టి ఉండదు, మీరే చేర్చుకోవాలి. మండలం, వయసు, అరుదైన జబ్బు మూడూ కలిస్తే పేరు లేకపోయినా ఆ ఊరివాళ్లు మనిషిని చెప్పేస్తారు. 1990ల్లో పరిశోధకురాలు లటన్యా స్వీనీ ఇలాగే పుట్టిన తేదీ, లింగం, పిన్‌కోడ్‌ల సాయంతో మసాచుసెట్స్ గవర్నర్ వైద్య రికార్డును పట్టుకున్నారు.

ఎథిక్స్ కమిటీ అనుమతి మొదటి మెట్టు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2023 ఏఐ మార్గదర్శకాలు, అదే ఏడాది వచ్చిన డీపీడీపీ (డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ) చట్టం దగ్గర పెట్టుకోండి. ఒకసారి బయట పెట్టిన ఫైలును ఎవరెవరు దింపుకున్నారో వెనక్కి రప్పించలేం. అందుకే తల సీటీలను అందరికీ తెరవకుండా, దరఖాస్తు మీద ఇచ్చే పద్ధతిలో పెట్టమనే నా సలహా. ఏ మెషీన్, ఏ సంవత్సరాలు, ఎవరు లేబుల్ చేశారు, ఎంతమందిని ఎందుకు వదిలేశారు అని రెండు పేజీలు జతచేయండి. పైన తిరుపతి పీజీ పడ్డ చిక్కు మీ డేటా వాడేవాళ్లకు రాదు.

ప్రశ్న: మిమిక్-4 (అమెరికా ఆస్పత్రి రోగుల రికార్డులు) డేటా కోసం ఫిజియోనెట్‌లో (వైద్య డేటా పంచే వెబ్‌సైట్) అనుమతి రావడం లేదు. వచ్చాక డిశ్చార్జ్ సమ్మరీలను చాట్‌జీపీటీలో వేసి విశ్లేషించొచ్చా? – ఫార్మా-డి విద్యార్థి, విశాఖపట్నం

సీఐటీఐ (పరిశోధన నైతికత మీద ఆన్‌లైన్ కోర్సు) శిక్షణ పూర్తయ్యాక వచ్చే రెండు పీడీఎఫ్‌లలో మీరు సర్టిఫికెట్ ఎక్కించి ఉంటారు. వాళ్లు అడిగేది మాడ్యూళ్ల మార్కులుండే కంప్లీషన్ రిపోర్టు. విద్యార్థి అయితే రిఫరెన్సుగా గైడ్ పేరే ఇవ్వాలి. ఆయన కాలేజీ ఈమెయిల్ ఇవ్వండి, వచ్చే మెయిల్‌కి జవాబివ్వమని ముందే చెప్పి ఉంచండి.

చాట్‌జీపీటీలో వేయొద్దు. మీరు సంతకం చేసే ఒప్పందం మూడో వ్యక్తికి డేటా ఇవ్వడాన్ని నిషేధిస్తుంది, బయటి చాట్‌బాట్‌లకు పంపడం కూడా అందులోకే వస్తుందని ఫిజియోనెట్ స్పష్టంగా చెప్పింది. మీ సొంత కంప్యూటర్లో నడిచే మోడల్‌ని వాడుకోండి. అనుమతి వచ్చేలోపు 100 మంది రోగులతో ఉన్న డెమో డేటా ఉంది, దానికి దరఖాస్తు అక్కర్లేదు. అందులో తేదీలు 2100 తర్వాతివి కనిపిస్తే కంగారు పడకండి, కావాలనే జరిపారు. ఒకే రోగి రెండు తేదీల మధ్య వ్యవధి నిజమే. ఇద్దరు రోగుల తేదీలను మాత్రం పోల్చకూడదు.