గోపాల్‌పూర్ తీరంలో బోయ్‌లు, లైట్లు, రేవులు: ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఏ ట్యాగ్ పెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఒడిశాలోని గోపాల్‌పూర్ పోర్టు దగ్గరి బోయ్‌లు (పడవలకు దారి చూపే తేలే గుర్తులు), బ్రేక్‌వాటర్ (కెరటాలను ఆపే అడ్డుగోడ) కొసన ఉన్న లైట్లు, ఎవరైనా దిద్దగలిగే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎక్కించారు. మామూలు మ్యాప్‌లో అవి కనపడకపోయేసరికి టవర్లుగా మార్చారు. ఎవరో వచ్చి ఆ మార్పు తీసేశారు. ఆర్యపల్లి వైపు పడవలు ఆగే చోట్లన్నిటికీ హార్బర్ ట్యాగ్ (మ్యాప్‌లో అది ఏమిటో చెప్పే చీటీ) పెట్టొచ్చా అని కూడా అడిగారు.

తీసేసినవాళ్ల మీద కోపం పెట్టుకోకండి, వాళ్లు చేసింది సబబే. మీ డేటా ఎక్కడికీ పోలేదు. మామూలు మ్యాప్ రోడ్ల మీద తిరిగేవాళ్లను దృష్టిలో పెట్టుకుని గీసింది, బోయ్‌లను చూపించదు. 2009లో మొదలైన ఓపెన్‌సీమ్యాప్ అని ఒకటుంది. అదే డేటాబేస్‌లోంచి సీమార్క్ ట్యాగులు ఏరుకుని సముద్రపు గుర్తులు వేస్తుంది. మీ బోయ్‌లను అక్కడ వెతకండి. ఎక్కించిన వెంటనే రాకపోవచ్చు, కాస్త ఓపిక పట్టాలి.

ముందుగా హార్బర్ సంగతి, ఎందుకంటే గొడవంతా అక్కడే. నేనుండేది బరంపురంలో, మా అమ్మ తరఫు వాళ్లది గోపాల్‌పూర్ ఒడ్డున వేట. ఒరియావాళ్లు నోళియాలని పిలిచే తెలుగు కుటుంబాలు ఆ తీరం పొడుగునా ఉన్నాయి. ఎవరో ఉత్సాహవంతులు ఒకసారి ఈ ఊళ్లన్నిటికీ వరసగా ఫిషింగ్ హార్బర్ అని పెట్టేశారు. మా చిన్నాన్నకు ఫోన్లో చూపిస్తే పగలబడి నవ్వాడు. "హార్బరుంటే మాకీ నడుం నొప్పులెందుకురా?" అన్నాడు. అక్కడ ఉన్నది ఉత్త ఇసుక. పెద్ద కెరటం పోయిందాకా ఆగి, ఫైబర్ బోటు ముక్కును నీళ్లకేసి తిప్పి, అందరూ భుజాలానించి తోస్తేగానీ బోటు లోపలికి వెళ్లదు. తిరిగొచ్చాక మళ్లీ లాక్కుని పైకి తేవాలి. గాలివాన వస్తే తలదాచుకునే చోటు కాదది.

బయటినుంచి వచ్చే పడవవాడికి హార్బర్ గుర్తు కనపడితే, లోపలికి దారుంది, అడ్డుగోడ ఉంది, లంగరు వేసుకోవచ్చు అనుకుంటాడు. రాత్రిపూట ఆ నమ్మకంతో ఒడ్డుకొస్తే కెరటాల్లో బోల్తా పడడమే. కాబట్టి అలాంటి చోట నేచురల్=బీచ్, సర్ఫేస్=శాండ్ చాలు. వేలం షెడ్డు, ఐసు ఫ్యాక్టరీ ఉంటే వాటిని విడిగా గీయండి. నీళ్లలోకి దిగే సిమెంటు వాలు కట్టి ఉంటేనే లీజర్=స్లిప్‌వే. పోర్టు మాత్రం హార్బరే, దానికి సీమార్క్:టైప్=హార్బర్ పెట్టండి.

ఇక లైట్‌హౌస్. ఒకే పాయింట్ మీద రెండు ట్యాగులూ ఉండాలి: కట్టడానికి మ్యాన్_మేడ్=లైట్‌హౌస్, వెలుగుకు సీమార్క్:టైప్=లైట్_మేజర్. బ్రేక్‌వాటర్ కొసన ఉండే చిన్న దీపం లైట్_మైనర్. దాన్ని వేరే పాయింట్‌గా పెట్టండి. బ్రేక్‌వాటర్ మాత్రం గీత, మ్యాన్_మేడ్=బ్రేక్‌వాటర్. (ఎడిటర్‌లో ఇవన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. జోసమ్ అనే ఎడిటర్‌లో సీమార్క్ ప్రీసెట్ (ముందే తయారైన ఫారం) వేసుకుంటే టైపింగ్ టెన్షన్ ఉండదు.)

వెలుగు వివరాలు ఎక్కడినుంచీ కాపీ కొట్టనక్కర్లేదు, ఒడ్డున నిలబడి మీరే కొలవొచ్చు. చిన్నాన్నతో కూర్చుని నేనలాగే కొలిచాను. రెండు మెరుపులు, చీకటి, మళ్లీ రెండు మెరుపులు వచ్చాయనుకోండి. మొదటి జతలో మొదటి మెరుపు దగ్గర స్టాప్‌వాచ్ నొక్కి, తరవాతి జతలో మొదటి మెరుపు దగ్గర ఆపాలి. ఆ సెకన్లే పీరియడ్, గ్రూప్ 2, క్యారెక్టర్ (వెలుగు తీరు) ఎఫ్ఎల్, అంటే ఫ్లాషింగ్. చాలామంది చీకటిగా ఉన్న సమయాన్నే పీరియడ్ అనుకుంటారు, అది కాదు. వరసగా కొన్ని చుట్లు కొలిచి సగటు తీయండి. ఇంకో తికమక ఎత్తు దగ్గర. సీమార్క్:లైట్:హైట్ అంటే నీటిమట్టం నుంచి దీపం దాకా మీటర్లలో. బురుజు ఎత్తుకు మామూలు హైట్ ట్యాగ్ వేరే ఉంది. ఎంత దూరం కనపడుతుందో చెప్పే రేంజ్ నాటికల్ మైళ్లలో ఉండాలి, ఒక మైలు 1852 మీటర్లు.

బోయ్‌ల రంగులకు మన దేశం ఐఏఎల్ఏ (సముద్రపు గుర్తుల పద్ధతులు చూసే అంతర్జాతీయ సంస్థ) రీజియన్ ఏ కిందికి వస్తుంది. సముద్రం నుంచి పోర్టులోకి వస్తుంటే ఎడమ చేతి వైపు ఎరుపు, కుడి చేతి వైపు ఆకుపచ్చ. అమెరికావాళ్ల వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లు దీన్ని తలకిందులు చేస్తారు, అక్కడ రీజియన్ బీ. ఎరుపు తెలుపు నిలువు చారలున్నది బోయ్_సేఫ్_వాటర్.

తీరరేఖ గీస్తే నేల ఎడమ పక్కన, నీళ్లు కుడి పక్కన ఉండాలి. అంటే మన వైపు ఇచ్ఛాపురం నుంచి గోపాల్‌పూర్‌కు వెళ్తున్నట్టు గీయాలి. తిరగేశారా, ఊళ్లన్నీ సముద్రం పాలే! బాహుదా, రుషికుల్య మొగల దగ్గర ఇసుక దిబ్బలు ఏటా చోటు మారుస్తాయి. అక్కడ ఉపగ్రహ చిత్రం తేదీ చూడకుండా చెయ్యి పెట్టకండి. రుషికుల్య మొగ దగ్గర తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా 20 కిలోమీటర్ల లోపు మరబోట్ల వేట నిషేధం. దాన్ని రిస్ట్రిక్టెడ్_ఏరియాగా పెట్టొచ్చు గానీ, హద్దులు ఉజ్జాయింపుగా గీసేది కాదు.

పెట్టకూడనివీ ఉన్నాయి. సముద్రం అడుగున ఉన్న రాతి పారల జీపీఎస్ పాయింట్లు మా వాళ్ల ఫోన్లలో బోలెడున్నాయి. వలలు చిరిగేదీ అక్కడే, మంచి చేపలు దొరికేదీ అక్కడే. అవి వాళ్ల బతుకుతెరువు. నన్ను నమ్మి చూపించారు గనక నేను ఎక్కించను, మీరూ ఎక్కించకండి. డెహ్రాడూన్‌లోని జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయం చార్టుల నుంచి, గూగుల్ మ్యాప్స్ నుంచి కాపీ కూడా వద్దు, లైసెన్సు ఒప్పదు.

ప్రస్తుతానికి టవర్ ట్యాగులు మళ్లీ పెట్టకుండా, ఒక్కో బోయ్‌కు రకం, రంగు, ఆకారం నింపండి. మీ మార్పు వెనక్కి తీసుకున్న వ్యక్తి ఛేంజ్‌సెట్ (ఒకసారికి ఎక్కించిన మార్పుల కట్ట) కింద, పోర్టు వైపు వెళ్లి కంటితో చూసి సరిచేశానని ఏ నెలలో చూశారో రాస్తూ ఒక ముక్క పెట్టండి.