ఫ్రిజ్‌కు తాళం వేస్తే అమ్మాయి సన్నబడుతుందా?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పట్టణం. మా అమ్మాయికి 26 ఏళ్లు. ఇంట్లో ఉండే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 88 కిలోలు. డిగ్రీ దాకా బొద్దుగా ఉండేది, అంతే. ఉద్యోగంలో చేరాక బాగా ఒళ్లు చేసింది. మూడు సంబంధాలు వచ్చి వెళ్లిపోయాయి. చివరగా వచ్చినవాళ్లు ‘ఫొటోలో ఇలా లేదే’ అని మొహం మీదే అన్నారు. మా వారు షుగర్ వచ్చాక రోజూ నడిచి 9 కిలోలు తగ్గారు. ‘ఈ వయసులో నేను తగ్గలేదా? దానికి పట్టుదల లేదు’ అంటారు. నేను తనకు విడిగా రెండు పుల్కాలు, కూర పెడుతున్నాను. మేము మామూలుగానే తింటాం. రాత్రిళ్లు తినకుండా ఫ్రిజ్‌కు తాళం వేస్తున్నాను. మొన్న బీరువా సర్దుతుంటే బట్టల కింద బిస్కెట్ ప్యాకెట్ల కవర్లు దొరికాయి. అడిగితే ఏడ్చి తలుపు వేసుకుంది. బంధువుల గృహప్రవేశంలో బూరెలు వడ్డిస్తుంటే వాళ్ల మేనత్త ‘దానికి ఒకటి చాల్లే’ అందట. అప్పటి నుంచి ఏ శుభకార్యానికీ రానంటోంది. వచ్చే నెల మా అన్నయ్య కొడుకు పెళ్లి. మా అమ్మా, మా అక్కా లావే, నేనూ సన్నం కాదు. కానీ మా రోజుల్లో ఎవరూ పట్టించుకోలేదు. ఎవరి ఒంటికి వాళ్లదే కదా బాధ్యత? దానికి ఎలా నచ్చజెప్పాలి?
– ఒక అమ్మ

జవాబు: అమ్మా, నచ్చజెప్పడానికి మీ అమ్మాయికి తెలియనిది ఏముంది చెప్పండి? తను లావుగా ఉన్నానని ఆమెకు అద్దం చెబుతోంది, బట్టల కొట్టు చెబుతోంది, పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు చెప్పారు, మేనత్త విస్తరి ముందు నలుగురిలో చెప్పారు. ఇంట్లో మీరిద్దరూ రోజూ చెబుతూనే ఉన్నారు. చెప్పడం వల్ల తగ్గేదే అయితే ఈపాటికి తగ్గి ఉండాలి. కాబట్టి ఆ ప్రశ్నను పక్కన పెట్టి బాధ్యత సంగతి చూద్దాం. మీ ఇంట్లో గొడవంతా దాని చుట్టూనే తిరుగుతోంది.

ముందు మీ వారి మాట. షుగర్ వచ్చాక రోజూ నడిచి 9 కిలోలు తగ్గడం చిన్న విషయం కాదు, మెచ్చుకోవలసిందే. అయితే దాన్ని కొలతగా పెట్టి కూతురి పట్టుదలను తూచడం దగ్గరే తేడా వస్తోంది. ఇద్దరివీ వేరు వేరు శరీరాలు. మీరే రాశారు చూడండి: మీ అమ్మగారు, మీ అక్కగారు, మీరు. ముగ్గురి పేర్లూ రాసి, వెంటనే ‘బాధ్యత తనదే కదా’ అని అడిగారు. డెన్మార్క్‌లో దత్తతకు వెళ్లి పెద్దవాళ్లైన 540 మంది బరువులను పరిశోధకులు పరిశీలించి 1986లో ఫలితాలు ప్రకటించారు. పెంచి, అన్నం పెట్టిన తల్లిదండ్రుల బరువుతో వాళ్ల బరువుకు పొంతన కనిపించలేదు. కన్నవాళ్ల బరువుతో కనిపించింది. మీ అమ్మాయికి మీ పోలికలు రావడం ఆమె చేసిన నేరం కాదు.

‘అయితే అంతా పుట్టుకతో వచ్చినదేనా’ అని మీ వారు అడుగుతారు. కాదు. డిగ్రీ దాకా బొద్దుగా మాత్రమే ఉన్న పిల్ల ఉద్యోగంలో చేరాక ఎందుకు పెరిగింది? మీ రోజుల్లో కాలేజీకి సైకిలో నడకో తప్పేది కాదు. మీ అమ్మాయి మంచం మీద నుంచి లేచి నాలుగడుగులు వేస్తే ఆఫీసు. ఇలాంటి ఉద్యోగాల్లో చాలామందికి అమెరికా వాళ్లతో మీటింగులు రాత్రిపూటే ఉంటాయి. నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుంది. ఫోను నొక్కితే అరగంటలో బిర్యానీ గుమ్మంలో ఉంటుంది. లావయ్యే తత్వం ఒంట్లో ముందే ఉంది, దాన్ని బయటికి లాగే పరిస్థితులు ఇప్పుడు కుదిరాయి. ఆమె ఒక్కతే ఇలా లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో 36 శాతం మంది, తెలంగాణలో 30 శాతం మంది అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. ఇంతమందికీ ఒకే తరంలో పట్టుదల పోయిందని అనుకోవడం కుదరదు కదా.

ఇక బీరువాలో దొరికిన ఆ కవర్లు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది 88 కిలోల లెక్క కాదు, బట్టల కింద దాచిన ఆ ఖాళీ కవర్లే. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలపాటు అర్ధాకలి భోజనం పెట్టి గమనించారు. వాళ్లెవరూ బలహీనమైన మనుషులు కారు. యుద్ధంలో ఆయుధం పట్టబోమని నమ్మకానికి కట్టుబడి, ఈ ప్రయోగానికి తామే ముందుకొచ్చినవాళ్లు. కొద్ది వారాల్లోనే వాళ్లకు తిండి తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు చదువుతూ కూర్చున్నారు. కొందరు దొంగచాటుగా తిన్నారు. అంత నిష్ఠ గలవాళ్లకే అలా అయిందంటే, పక్క గదిలో మీరు ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి కలుపుకుంటుంటే రెండు పుల్కాలతో లేచి వెళ్లిన పిల్ల అర్ధరాత్రి బిస్కెట్ ప్యాకెట్ విప్పడంలో వింతేమీ లేదు. ఫ్రిజ్‌కు తాళం వేయడం వల్ల ఆమె తినడం మానలేదు, మీ ముందు తినడం మానేసింది.

బరువు తగ్గినవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. అమెరికాలో బరువు తగ్గే పోటీతో నడిచే ఒక టీవీ కార్యక్రమంలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి 2016లో వివరాలు ప్రచురించారు. చాలామంది తగ్గిన బరువులో ఎక్కువ భాగం తిరిగి పెరిగారు. అంతకన్నా ముఖ్యం, అంతే ఒళ్లున్న వ్యక్తి విశ్రాంతిలో ఖర్చు చేసే శక్తి కన్నా వాళ్ల శరీరం రోజుకు సగటున 500 క్యాలరీలు తక్కువ ఖర్చు చేస్తోంది. ఒక్కసారిగా కడుపు మాడ్చితే శరీరం దాన్ని కరువుగా తీసుకుని పొదుపు మొదలుపెడుతుంది, ఆకలిని పెంచుతుంది. ‘నోరు కట్టుకో, అదే తగ్గుతుంది’ అనేవాళ్లకు ఈ సంగతి తెలియదు.

నింద వల్ల మేలు జరగకపోగా కీడు జరుగుతుంది. అమెరికాలో 6 వేల మందికి పైగా పెద్దవాళ్లను నాలుగేళ్ల తేడాతో రెండుసార్లు పరిశీలించిన అధ్యయనం 2013లో వచ్చింది. మొదట ఊబకాయం లేనివాళ్లలో, బరువు కారణంగా చిన్నచూపుకు గురయ్యామని చెప్పినవాళ్లు తర్వాత ఊబకాయులయ్యే అవకాశం మిగతావాళ్ల కన్నా రెండున్నర రెట్లు ఉన్నట్టు అందులో తేలింది. మీ ఇంట్లో జరుగుతున్నదీ అదే. ఒక్క బూరె మాటతో ఆ పిల్ల గడప దాటడం మానేసింది. గడప దాటకపోతే నడక ఎక్కడిది?

ఇంతా చెప్పి బరువు వల్ల నష్టమేమీ లేదని అనను. మీరిచ్చిన లెక్కల ప్రకారం ఆమె బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువును చూసే లెక్క, 35 దాకా ఉంది. మనవాళ్లకు ఊబకాయం 25 దగ్గరే మొదలవుతుందని భారతీయ వైద్య నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి, ఎందుకంటే పాశ్చాత్యుల కన్నా తక్కువ బరువులోనే మనకు షుగర్, గుండె జబ్బులు వస్తాయి. నాన్నకు షుగర్ ఉంది కాబట్టి మీ అమ్మాయికి ఆ ముప్పు ఇంకాస్త ఎక్కువ. అందుకని డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. అయితే పెళ్లి కోసం కాదు, ఆమె ఆరోగ్యం కోసం. వెళ్లాలా వద్దా, ఎవరి దగ్గరకు, ఎవరితో అన్నది 26 ఏళ్ల మనిషి తనే నిర్ణయించుకోవాలి. బాధ్యత ఆమెదే అంటున్నారు కదా, మరి నిర్ణయమూ ఆమెదే.

ఆమె సరేనంటే ఎండోక్రైనాలజిస్టును, అంటే హార్మోన్ల డాక్టర్‌ను, కలవడం మంచిది. మూడు నెలల షుగర్ సగటు, థైరాయిడ్, కొలెస్ట్రాల్, కాలేయం, బీపీ చూస్తారు. నెలసరి సక్రమంగా రాకపోతే, గడ్డం మీద వెంట్రుకలు వస్తుంటే పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉందేమో చూస్తారు. అది ఉంటే ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా నెలసరి చాలామందిలో గాడిన పడుతుంది. మీ అమ్మాయి విషయంలో అది నాలుగున్నర నుంచి తొమ్మిది కిలోలు. 55కు రావాలి, 50కి రావాలి అని ఎవరూ లక్ష్యాలు పెట్టనక్కర్లేదు. థైరాయిడ్ తేలితే ‘అదే కారణం’ అని ఊపిరి పీల్చుకోకండి. దాని వల్ల పెరిగే బరువు సాధారణంగా కొద్ది కిలోలే. నిద్రలో గురక, దిగులుకో మూర్ఛకో వాడే మందులు ఉంటే అవీ చెప్పాలి, కొన్ని మందులు బరువు పెంచుతాయి. దొంగచాటుగా తినడం, తిన్నాక ఏడవడం తరచుగా జరుగుతుంటే అది మానసిక వైద్యులు చికిత్స చేయగల సమస్య. తిండిపోతుతనం కాదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, గదిలోకి అడుగు పెట్టగానే ‘ముందు బరువు తగ్గు’ అని కసిరే డాక్టర్లు మన దగ్గర తక్కువేమీ లేరు. అలాంటివారు ఎదురైతే వేరే డాక్టర్‌ను వెతుక్కోండి.

వారానికో ఇంజెక్షన్‌తో బరువు తగ్గించే మందులు 2025 నుంచి మన దేశంలోనూ అమ్ముతున్నారు. అవి పనిచేస్తాయి. కానీ ఆపేస్తే తగ్గిన బరువులో చాలా భాగం తిరిగి వస్తుందని పరీక్షల్లో తేలింది. ముహూర్తానికి సన్నబడటానికి వాడేవి కావు. డాక్టర్ చీటీ లేకుండా ఎవరో తెలిసినవాళ్లు తెప్పిస్తామంటే ఒప్పుకోవద్దు. పొడులు, టీలు, నెలలో పది కిలోల ప్యాకేజీల గురించి రాసి నా సిరా వృథా చేసుకోను.

మీ చేతిలో ఉన్నది వంటిల్లు. ఒకే ఇంట్లో రెండు వంటలు వండటం మానేయండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజువారీ క్యాలరీల్లో బియ్యం, గోధుమ, చిరుధాన్యాల వాటా 45 శాతం దాటకూడదు. మన గోదావరి జిల్లాల కంచంలో అన్నమే కొండలా ఉండి కూర అంచున ఉంటుంది. దాన్ని తిరగేయండి, అందరికీ. మీ వారి షుగర్‌కూ అదే కావాలి. పప్పు, గుడ్డు, చేప, కూరగాయలు ఎక్కువ, అన్నం ఒక కప్పు. వేపుళ్లు వారానికి ఒకటి రెండుసార్లు. ముగ్గురూ ఒకే చోట కూర్చుని, ఒకే గిన్నెలోది తినండి. ఎవరు ఎంత వడ్డించుకున్నారో చూడవద్దు. పండక్కి అరిసెలు చేస్తే ఆమెకూ పెట్టండి, ‘ఒక్కటే’ అన్న మాట లేకుండా. మీ వారు నడకకు వెళ్లేటప్పుడు ‘వస్తావా?’ అని ఒకసారి అడగవచ్చు. రానంటే వదిలేయాలి. రెండోసారి అడిగితే అది ఆజ్ఞ అవుతుంది.

తాళం ఈ రోజే తీసేయండి. తీసేసి ఊరుకోకుండా, తాళం వేయడం తప్పని ఆమెతో నోరు విప్పి చెప్పండి. ‘నీ మంచికే చేశాను’ అని తోక తగిలించకండి. బీరువా విషయం మళ్లీ ఎత్తవద్దు.

సంబంధాల సంగతి కూడా ఉన్నదున్నట్టు చెబుతాను. లావు కారణంగా కొందరు వద్దంటారు, అది ఈ సమాజం తీరు. మొదటే ఇప్పటి ఫొటో, నిలువెత్తు ఫొటో పంపండి. ఇష్టం లేనివాళ్లు మీ ఇంటి దాకా వచ్చి టిఫిన్లు తిని మొహం మీద అనే పని తప్పుతుంది. పైన చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఆంధ్రప్రదేశ్ మగవాళ్లలో 31 శాతం మంది అధిక బరువులోనే ఉన్నారు. పెళ్లిచూపుల్లో అబ్బాయి పొట్ట గురించి మన వైపు నుంచి ఎవరూ అడగరు కదా, అదీ కాస్త ఆలోచించండి. ఆరు నెలలు సంబంధాలు చూడటం ఆపితే కొంపలు మునగవు. చూడమని ఆమె అడిగితే అప్పుడు చూడవచ్చు.

వచ్చే నెల పెళ్లికి వస్తుందో రాదో ఆమె ఇష్టం. రానంటే ‘జనం ఏమనుకుంటారు’ అని బలవంతం చేయకండి. వస్తానంటే భోజనాల దగ్గర మీరు ఆమె పక్కన కూర్చోండి. మేనత్త మళ్లీ నోరు తెరిస్తే మీ అమ్మాయి జవాబు చెప్పే దాకా ఆగవద్దు. ‘వదినా, దాని విస్తరి దానికి వదిలేయండి’ అని మీరే అనండి. మీ వారు కూడా ఆ మాటే అంటే ఇంకా మంచిది, ఎంతైనా ఆయన అక్కచెల్లెలే. ఆవిడ నొచ్చుకుంటుంది, నొచ్చుకోనివ్వండి.

మరొక్క సంగతి. మీ ఉత్తరంలో ఆమె ఎత్తు, బరువు, సంబంధాల లెక్క ఉన్నాయి. ఉద్యోగం ఎలా సాగుతోందో, స్నేహితులు ఎవరో, ఏం చేస్తే సంతోషంగా ఉంటుందో ఒక్క ముక్కా లేదు. నాకు తిరిగి రాసేటప్పుడు అవీ రాయండి. రాస్తున్నట్టు ఆమెకు చెప్పి, ఆమె సరేనంటేనే రాయండి.