నాలుగున్నరేళ్ల పాపకి అక్షరాలు, లెక్కలు చేతిపనులతో నేర్పడం కుదురుతుందా?

పలక తీస్తే చాలు మీ పాప ఏడుస్తోందని, ఇంట్లో దొరికే వస్తువులతో ఏవైనా చేయిస్తూ నేర్పొచ్చా అని అడిగారు. నేర్పొచ్చండీ. మా ఇద్దరికీ నేను అలాగే నేర్పాను. ఇప్పుడు అమ్మాయి మూడో తరగతి, అబ్బాయి ఒకటో తరగతి.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. మొదట్లో రంగు కాగితాలు కొని, అక్షరాలు నేనే కత్తిరించి ఇస్తే పాప అంటించేది. గోడ నిండింది కానీ అదే అక్షరం పాలప్యాకెట్ మీద చూపిస్తే గుర్తుపట్టలేదు. పట్టకపోవడంలో వింతేమీ లేదు, అక్షరం కష్టమంతా నేను పడి దానికి జిగురు పని మాత్రమే ఇచ్చాను. అప్పట్నుంచి ఒక్కటే చూసుకున్నాను: ఆ అక్షరమో ఆ అంకో తెలియకపోతే చేస్తున్న పని ముందుకి సాగకూడదు.

అ ఆ ఇ ఈ వరసలో కాకుండా ర తో మొదలుపెట్టండి. రెండు కప్పుల గోధుమపిండికి ఒక కప్పు ఉప్పు, కాస్త పసుపు, రెండు చుక్కల నూనె వేసి చపాతీ ముద్దలా కలిపి ఇచ్చేయండి. మా పాప ఆ పిండిని పొడుగ్గా తాడులా చేసి, కొసలు కలిపి, "అమ్మా గారె" అంది. నేను ఇంకో చిన్న ముక్క తాడులా చేసి, రైట్ మార్కులా వంచి, దాని నెత్తిన పెట్టి, "ఇప్పుడిది ర" అన్నాను. అది తలకట్టు తీసి "గారె" అంది, పెట్టి "ర" అంది, మళ్లీ తీసింది, అలా ఒక పావుగంట ఆడింది. మర్నాడు అదే పిండితో గుర్రపునాడాలాంటి వంపు చేసి, తలకట్టు పెట్టి, గ చేశాం.

గుణింతానికి చాలామంది అట్టతో తిరిగే చక్రం చేస్తారు, నాకది నచ్చలేదు. మన లిపిలో గుడి పెట్టాలంటే తలకట్టు తీసేయాలి, కొమ్ముకి మాత్రం తలకట్టు ఉంచి పక్కన తగిలించాలి, పిల్లలు తడబడేది అక్కడే కదా, చక్రం తిప్పితే అది కనబడదు. పాత శుభలేఖల వెనకవైపు ఖాళీగా ఉంటుంది, దాని మీద తలకట్టు లేని ర, గ పెద్దగా రాసి కోశాను. తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము, ఎత్వం, ఏత్వం, ఓత్వం విడి ముక్కలు. ఏది తీయాలో ఏది పెట్టాలో చేతికే తెలియాలి. ఈ రెండు అక్షరాలతోనే గారె, గోరు, రాగి, రేగు వస్తాయి, చూడండి! మా అమ్మాయి ఎవరి సాయం లేకుండా చదివిన మొదటి మాట గారె, ఆ పూట నిజంగానే పప్పు నానబోశాను.

గరుకు అక్షరాల మీద వేలితో దిద్దించడం మాంటిస్సోరి పద్ధతి (దాన్ని మొదలుపెట్టిన ఇటలీ ఆవిడ మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి చాలామంది టీచర్లకి శిక్షణ ఇచ్చారు). కొనక్కర్లేదు, అట్ట మీద ఫెవికాల్‌తో అక్షరం రాసి బొంబాయి రవ్వ చల్లి ఆరబెడితే సరిపోతుంది, చల్లే పని పిల్లలకివ్వండి.

లెక్కలకి నన్నడిగితే అష్టాచమ్మాని మించింది లేదు. నాలుగు చింతపిక్కలు తెచ్చి, ఒకవైపు తెల్లబడేదాకా గచ్చు మీద అరగదీయమనండి, రెండు సాయంత్రాలు దానికే పోతాయి, పోనివ్వండి. పాత అట్టపెట్టె మీద అయిదు అడ్డం, అయిదు నిలువు, మొత్తం 25 గళ్లు స్కేలుతో గీయించండి. పిక్కలు వేస్తే మూడు తెల్లవి ఒకటి నల్లది, రెండు తెల్లవి రెండు నల్లవి, ఇలా నాలుగు ఎన్నిరకాలుగా విడిపోతుందో రోజూ కళ్లముందే ఉంటుంది, నాలుగూ తెల్లవి పడితే చమ్మా నాలుగు, అన్నీ నల్లవైతే అష్టా ఎనిమిది. మా అబ్బాయి తన కాయ ఉన్న గడినే "ఒకటి" అని లెక్కపెట్టి, మూడు పడితే రెండు గళ్లే జరిగేవాడు. తప్పు అని అనలేదు, "కాయ లేచి అడుగేశాకే ఒకటి" అని వాడి చెయ్యి పట్టుకుని గెంతించాను, వారానికి కుదిరింది. స్కేలుతో కొలిచేటప్పుడు సున్నా వదిలేసి 1 దగ్గర మొదలుపెట్టే పిల్లల తప్పు కూడా ఇదే, ఆటలోనే ఆ తప్పు పోతే తర్వాత టెన్షన్ ఉండదు.

పది దాటాక చీపురుపుల్లలు ఒకే పొడుగు తుంచి, పదేసి లెక్కపెట్టి రబ్బర్‌బ్యాండ్ వేయించండి. ఒక కట్ట, విడిగా మూడు పుల్లలు పట్టుకుని "పదమూడు" అంటే పదీ మూడూ మాటలోనే వినిపిస్తాయి. థర్టీన్, థర్టీ పిల్లల చెవికి ఒకేలా ఉంటాయి, బడి ఇంగ్లీషు మీడియమే అయినా ఇంట్లో ముందు తెలుగులో చెప్పించండి. పూలదండ కట్టేటప్పుడు ఇటు రెండు అటు రెండు అందివ్వమంటే రెండు, నాలుగు, ఆరు అదే వచ్చేస్తుంది.

ఒక జాగ్రత్త. పిక్కలు, పూసలు మీరు పక్కన ఉన్నప్పుడే ఇవ్వండి, మూడేళ్ల లోపు పిల్లలుంటే అసలు వద్దు. మావాడు రెండేళ్లప్పుడు బఠాణీ గింజ ముక్కులో పెట్టుకుంటే రాత్రిపూట ఆసుపత్రికి పరిగెత్తాం.

రోజుకి పావుగంట చాలు, పాప వద్దంటే అక్కడితో ఆపేయండి. పిండి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెడితే మర్నాటికీ మెత్తగానే ఉంటుంది.