వాన గరాటు మీద కాకి వాలకుండా

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ గుణుపురం డాబా మీది, వాన, ఎండ, గాలి కొలిచే వాతావరణ యంత్రం, మబ్బు తునక లేని రోజున కూడా 0.2 మిల్లీమీటర్ల వాన పడిందంటోందని ఫోన్లో చెప్పావు. దాన్ని తిప్పి పంపేయకు, చాలావరకు అది కాకి పని. వాన నీళ్లు పట్టే గరాటు కింద తూగుడుబల్లలా ఊగే చిన్న బకెట్ ఉంటుంది. ఒకవైపు నిండగానే అటు ఒరిగి నీళ్లు పారబోస్తుంది. అలా ఒరిగిన ప్రతిసారీ 0.2 మి.మీ. లెక్కలోకి వెళుతుంది. బరువైన పిట్ట అంచు మీద ధబీమని వాలి యంత్రాన్ని నిలబెట్టిన పైపు అదిరిందంటే, చుక్క నీరు లేకపోయినా బకెట్ ఒరిగిపోతుంది. అదే సమయంలో ఎండ లెక్క చటుక్కున పడిపోయిందా, గాలి దిక్కు ఒకేచోట బిగుసుకుందా చూడు. ఉంటే పిట్టేనన్నమాట. చలికాలం తెల్లవారుజామున ఒక్కసారి ఒరిగితే మాత్రం అది మంచు నీరు కావచ్చు, కాకిని అనకు. అనుమానం వచ్చిన లెక్కను చెరిపేయకుండా పక్కన గుర్తు పెట్టుకో.

లేని వాన కన్నా నాకు ఎక్కువ బెంగ పిట్టల రెట్ట గురించే. గరాటు అడుగునున్న జల్లెడ మీద రెట్ట, ఈకలు, కాకి జారవిడిచిన మెతుకులు పేరుకుంటే రాత్రి కురిసిన గట్టి వాన గరాటులోనే నిలిచి, మర్నాడు బొట్టుబొట్టుగా దిగుతుంది. కొండల్లో కుండపోత పడితే ఇక్కడ మహేంద్రతనయ, అక్కడ మీ వంశధార ఎంత తొందరగా పొంగుతాయో నీకు చెప్పక్కర్లేదు. ఏ గంటలో ఎంత కురిసిందన్నది ఆ గంటలోనే తెలియాలి. నీ చేతిలో ఉన్నది ఆటవస్తువు కాదురా.

పిట్టను బెదిరించడం కన్నా అది కూర్చోడానికి ఇంకో మంచి చోటు చూపించడం మేలు. కాకైనా, పసుల పోలిగాడైనా చుట్టుపక్కల అన్నిటికన్నా ఎత్తైన చోటే వెతుక్కుంటుంది. నీ డాబా మీద ఆ చోటు ఇప్పుడు యంత్రమే. అందుకని దానికి మూడు, నాలుగు మీటర్ల దూరంలో, దానికన్నా మీటరు ఎత్తుగా ఒక సన్నటి జీఐ పైపు నిలబెట్టి, పైన అడ్డంగా కర్ర కట్టు. ఇనుము ఎండకు కాలుతుంది, కర్ర అయితే పిట్ట హాయిగా కూర్చుంటుంది. పైపు యంత్రానికి ఉత్తరం వైపు ఉండాలి, లేకపోతే దాని నీడ సోలార్ పలక మీద పడుతుంది. మన దగ్గర మే నడిమి నుంచి జూలై ఆఖరు దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు కాస్త ఉత్తరానికి జరిగే మాట నిజమే గాని, అప్పుడు నెత్తి మీదే ఉంటాడు కాబట్టి నీడ పైపు మొదలు దాటి పెద్దగా రాదు. ఈ పైపును పిట్టగోడకు బోల్టులతో బిగించు, విప్పడానికి వీలుగా. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన గజపతి జిల్లా ఏమైందో మరిచిపోలేం. తుపాను హెచ్చరిక రాగానే ముందు ఆ పైపు దింపెయ్, లేకపోతే అదే వెళ్లి యంత్రం మీద పడుతుంది.

తర్వాత గరాటుకు ముళ్లు. కేబుల్ టైలు నల్లవి కొను, తెల్లవి ఎండకు పెళుసెక్కి విరిగిపోతాయి. అంచుకు కాస్త కింద, గరాటు చుట్టూ ఒక పెద్ద టై బిగించి, దాని సందుల్లో చిన్నవి దూర్చి తోకలు పైకి నిలబెట్టు. తోక తోకకు మధ్య మూడు, నాలుగు సెంటీమీటర్లు చాలు. గోరింకలు ఎక్కువైతే ఇంకా దగ్గరగా పెట్టు. తోకలు కొంచెం బయటకు వాలాలి, లోపలికి వంగితే వాటి మీది చినుకులు గరాటులోకి కారి వాన ఎక్కువ చూపిస్తుంది. గరాటు నోటి మీద వల మాత్రం పరచకు, చిన్న జల్లు ఆ వలను తడపడంతోనే సరిపోతుంది. గరాటు లేకుండా, పైమూతకు తగిలే చినుకుల దెబ్బను బట్టి వాన లెక్కగట్టే కొత్త రకాలు ఉన్నాయి. మీ వీధిలో ఎవరైనా అది కొంటే మూత మీద ఏదీ అంటించొద్దని చెప్పు.

చేపల గాలం దారం కట్టమని చెప్పేవాళ్లున్నారు. వద్దు. కంటికి ఆనని దారంలో కాలో రెక్కో చిక్కుకుని పిట్ట చస్తుంది. జిగురు పూయడం అంతకన్నా పాపం. తళతళలాడే సీడీలు వేలాడదీస్తే కాకులు నాలుగు రోజుల్లో అలవాటు పడతాయి, గాలికి ఆ సీడీలే గాలి వేగం కొలిచే తిరుగుడు గిన్నెలకు తగులుకుంటాయి.

మా అక్కతో నెమ్మదిగా చెప్పు: వడియాలు, కాకులకు పెట్టే అన్నం, వేసవిలో నీళ్ల మూకుడు అన్నీ కొత్త పైపు ఉన్న మూలకు మార్చమని. పెట్టడం మానమని మాత్రం అనకు.

ఇప్పుడున్న రెట్టను పొడిగా గీకొద్దు, ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, నీళ్లు చల్లి నాననిచ్చి తుడువు. కడిగేటప్పుడు బకెట్ ఊగి దొంగ వాన నమోదవుతుంది, టైము రాసిపెట్టుకో.

అంతా అయ్యాక ఒకసారి పరీక్ష చెయ్యి. గరాటు నోటి వైశాల్యం లెక్కగట్టు. 200 చదరపు సెంటీమీటర్లయితే 200 మిల్లీలీటర్ల నీళ్లు అంటే 10 మి.మీ. వాన, అంటే బకెట్ 50 సార్లు ఒరగాలి. నీళ్లు సన్నటి ధారగా, అరగంట పట్టేలా పొయ్యి. ఒకటి రెండు తేడా వస్తే ఫర్వాలేదు. నలభై దగ్గరే ఆగితే జల్లెడలో ఇంకా మురికి ఉన్నట్టు, లేదా యంత్రం ఒక పక్కకు ఒరిగినట్టు. యంత్రం ఉన్న పైపు మట్టం చూసి మళ్లీ పొయ్యి, ఎన్నిసార్లు ఒరిగిందో నాకు ఫోన్లో చెప్పు.

మీ మామయ్య