ఆర్‌ఓ కొనే ముందు మీ నల్లా నీళ్ల టీడీఎస్ (కరిగిన లవణాల మోతాదు) చూడండి

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో ఫ్లాట్, నలుగురం. రోజుకో 20 లీటర్ల క్యాన్ వేయించుకుంటాం, క్యాన్ 30 రూపాయలు. 18,000 పెట్టి ఈఎంఐలో ఆర్‌ఓ వాటర్ ఫిల్టర్ కొందామంటున్నారు మావారు. రెండో ఏడాది నుంచి ఏఎంసీ (ఏడాది సర్వీసు ఒప్పందం) 4,500. లాభమేనా? వంటింట్లో మంజీరా నల్లా (జలమండలి నీళ్లను ఇక్కడ అలాగే అంటాం) విడిగా ఉంది కానీ, ఆ నీళ్లు తాగాలంటే భయం.

జవాబు: క్యాన్లకు మీకు ఏడాదికి దాదాపు 11,000 అవుతోంది, ఐదేళ్లకు 55,000. ఆర్‌ఓకి అదే ఐదేళ్లలో ఏఎంసీతో కలిపి 36,000. సేల్స్‌మన్ కూడా ఈ లెక్కే చెప్పి ఉంటాడు. సింకు కిందికి పోయే ఆ సన్న పైపు సంగతి మాత్రం చెప్పి ఉండడు. ఇళ్లలో పెట్టే మామూలు ఆర్‌ఓ ఒక లీటరు మంచినీళ్లు ఇవ్వడానికి దాదాపు మూడు లీటర్లు పారబోస్తుంది. మీకు తాగడానికీ వంటకీ రోజుకు 20 లీటర్లనుకుంటే 60 లీటర్లు మోరీలోకే, అంటే ఏడాదికి 5,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగుకు పైనే. మీ బిల్డింగ్‌లో 40 ఫ్లాట్లుండి అందరూ ఆర్‌ఓ పెట్టుకుంటే దాదాపు రెండు రోజులకో ట్యాంకర్ వృథా. నెలకు 20,000 లీటర్లు ఉచితం కాబట్టి నల్లా బిల్లులో ఇది కనపడదు, ఎండాకాలం బోరు ఎండిపోయి ట్యాంకర్లు మొదలయ్యాక మెయింటెనెన్స్‌లో కనపడుతుంది. నాగార్జునసాగర్ నుంచో ఎల్లంపల్లి నుంచో వంద కిలోమీటర్లకు పైగా కరెంటు ఖర్చు పెట్టి పంపు చేసుకొచ్చిన నీళ్లండీ ఇవి, వాటిని ఇలా వదిలేయడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. క్యాన్లు మేలా అంటే అదీ కాదు, చాలా ప్లాంట్లు బోరు నీళ్లు తోడి ఇదే ఆర్‌ఓ పద్ధతిలో శుద్ధి చేస్తాయి.

ఆర్‌ఓ అమ్మేవాళ్లు ఇంటికొచ్చి మీ నీళ్లలో కరెంటు పెట్టిన రెండు కడ్డీలు ముంచి, నీళ్లు గోధుమరంగుకు మారితే "చూశారా మురికి" అంటారు చూడండి, దానికి అస్సలు భయపడకండి. నీళ్లలో లవణాలుంటే కరెంటు పారి ఇనుప కడ్డీయే కరుగుతుంది, ఆ రంగు దానిది. ఆర్‌ఓ నీళ్లలో లవణాలు తక్కువ కాబట్టి రంగు పెద్దగా మారదు, అంతే.

ముందు కొన్ని వందలు పెట్టి టీడీఎస్ మీటర్ కొని మంజీరా నల్లా దగ్గరే చూడండి, సంపులో బోరు నీళ్లతో కలిసినవి కాదు. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే ఆర్‌ఓ అక్కర్లేదు. అలాంటి చోట ఆర్‌ఓ నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. క్రిములకు యూవీ (అతినీలలోహిత కాంతి), యూఎఫ్ (సన్న రంధ్రాల పొర) ఉన్న ఫిల్టర్ చాలు, ధర సగం దగ్గర్లో ఉంటుంది, నీళ్లూ పారబోయదు. అయితే ఫ్లోరైడ్, నైట్రేట్ ఎంతున్నాయో మీటర్ చెప్పదు, అందుకని ల్యాబ్‌లో ఒకసారి పరీక్ష చేయించండి. మీవాళ్లు నల్గొండ వైపు బోరు నీళ్లు తాగుతుంటే మాత్రం వాళ్లకు ఆర్‌ఓ అవసరం పడొచ్చు, అక్కడ వద్దని నేను చెప్పను.

టీడీఎస్ ఎక్కువొచ్చి ఆర్‌ఓ తప్పకపోతే, తక్కువ నీళ్లు వదిలే మోడల్ అడగండి, వదిలే నీళ్లను బకెట్‌లో పట్టి బాత్రూమ్‌కీ ఇల్లు తుడవడానికీ వాడండి. నో కాస్ట్ ఈఎంఐ అన్నా ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ పడతాయి, చేతిలో డబ్బుంటే ఒకేసారి కట్టేయండి. ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకండి.