అట్ట మీద ఆసు పోయండి

డ్రాయింగ్ సార్‌ను అడగండి

ప్రశ్న: సార్ నమస్తే. నేను చండూరు దగ్గర ఒక సర్కారు బడిలో ఏడో తరగతికి తెలుగు చెప్తాను. మా పిల్లలు ముప్పై మంది కోనసీమలోని ఒక బడి పిల్లలకు ఉత్తరాలు రాశారు. అన్నీ కలిపి కుట్టి, పైన మంచి కవర్ పేజీ పెట్టి పంపాలని మా ఆలోచన. పిల్లలేమో నెట్‌లో దొరికే గులాబీల బార్డర్ ప్రింట్ తీద్దామంటున్నారు. హెడ్మాస్టర్ గారు నాగార్జునసాగర్, ఛాయా సోమేశ్వరాలయం, లతీఫ్ సాహెబ్ గుట్ట మూడూ రావాలంటున్నారు. ఏం వేయించమంటారు? ఎక్కువ ఖర్చు పెట్టలేం.
– ఒక టీచర్, నల్లగొండ జిల్లా

జవాబు: అమ్మా, గులాబీల సంగతి ముందు తేల్చేద్దాం. ఆ బార్డర్ పెళ్లికార్డుల మీద కూడా ఉంటుంది. అది చూసిన పిల్లలకు మిమ్మల్ని ఒక్క మాట అడగాలని కూడా అనిపించదు. హెడ్మాస్టర్ గారు చెప్పినవి గొప్పవే గానీ, మూడూ ఒక్క పేజీలో ఇరికిస్తే టూరిజం వాళ్ల బోర్డు తయారవుతుంది. పైగా ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లతో పంటలు పండే ఊళ్ల పిల్లలకు డ్యాం బొమ్మ కొత్తా? ఛాయా సోమేశ్వరాన్ని మాత్రం వదలొద్దు. పానగల్లు గుడిలో పొద్దంతా కదలకుండా నిలిచే ఆ నీడ గురించి ఎవరో ఒకరు ఉత్తరంలో రాయాలి. నీడ కదలడం లేదని బొమ్మలో ఎట్లా చూపిస్తాం?

మీది చండూరు వైపు కాబట్టి క్లాసులో మగ్గం ఉన్న ఇంటి పిల్లలు ఉండే ఉంటారు. వాళ్లను ఆసు, అంటే నేతకు ముందు దారం చుట్టే చట్రం, ఎట్లా ఉంటుందో చెప్పమనండి. ఒక పక్క ఒకే మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా వరసగా మేకులు. ఆ ఒక్కదాని నుంచి వీటికి, వీటి నుంచి దానికి దారం తిప్పుతూ ఒక్క చీరకే ఇంట్లో ఆడవాళ్లు వేల సార్లు చెయ్యి ఆడించేవాళ్లు. నా లెక్కన మీ కవర్ పేజీ అదే.

ఏ4 డ్రాయింగ్ షీటు అడ్డంగా పెట్టండి. కుట్టుకు ఎడమ పక్క మూడు సెంటీమీటర్లు వదలండి. కింద గీత గీసి, దాని మధ్యలో చుక్క పెట్టి, అక్కడి నుంచి 12 సెంటీమీటర్ల దూరంలో అర్ధచంద్రం గీయించండి. పిల్లల బాక్సులోని వృత్తలేఖిని అంత తెరుచుకోదు. పెన్సిల్‌కు దారం కట్టి తిప్పితే సరి. 180 డిగ్రీలను ముప్పై మందికి పంచితే ఒక్కొక్కరికి 6 డిగ్రీలు. కోణమానినితో గుర్తులు పెట్టి, ప్రతి గుర్తు నుంచి చుక్కకు గీత లాగితే ముప్పై సందులొస్తాయి. బయటి అంచు దగ్గర ఒక్కో సందు సెంటీమీటరు పైనే ఉంటుంది, పేరుకు చాలు. లోపలికి పోయేకొద్దీ ఇరుకు కాబట్టి పేరు బయటి అంచునే ఉండాలి. గీతలన్నీ కలిసే మేకు కింద అవతలి బడి పేరు రాయండి. అర్ధచంద్రం పైన మీ బడి పేరు.

ఒక్క సంగతి గట్టిగా చెప్తున్నా. చేతిరాత బాగున్న పిల్లతో ముప్పై పేర్లూ రాయించకండి. షీటు చేతులు మారుతూ పోవాలి, ఎవరి పేరు వాళ్లే రాయాలి. వంకర ఉంటే ఉండనీ. అందంగా ఒకే తీరున కావాలంటే ఆ గులాబీలే నయం.

మూలల్లో చిటికీ పువ్వు, అంటే ఇక్కత్ చీరల మీద ఉండే పువ్వు, వేయొచ్చు. లెక్కల గళ్ల నోటులో ముందు ఒక డైమండ్‌ను గడి గడిగా నింపి చూసుకోమనండి. గడి అంచు దగ్గర రంగును పెన్సిల్‌తో రెండు మిల్లీమీటర్లు బయటికి లాగాలి. నూలుకు ముందే రంగు అద్ది తర్వాత నేస్తారు కదా, దారం కాస్త జరిగి అంచు మసకబారుతుంది. ఆ మసక లేకపోతే అది టైల్స్ డిజైనే.

తళుకుల పొడి, పూసలు వద్దు. పోస్టాఫీసులో ముద్ర పడే దెబ్బకు అవి కట్టలో నిలవవు. స్కెచ్ పెన్ను వెనక్కి దిగుతుంది, క్రేయాన్ పక్క పేజీకి అంటుకుంటుంది. రంగు పెన్సిళ్లే మేలు. కవర్ పేజీ వెనక వైపు చింతకింది మల్లేశం గారి గురించి నాలుగు వాక్యాలు రాయించండి. ఆలేరు వైపు ఆయన. ఆసు పోసి పోసి అమ్మ భుజాలు పడిపోతుంటే చూడలేక యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ముందు పేజీలో ఉన్నదేమిటో ఆ పిల్లలకు అక్కడ తెలుస్తుంది.

ప్రశ్న: మా పాప ఆరో తరగతి. పెన్ ఫ్రెండ్ ఉత్తరం కవర్ పేజీ మీద ఫోటో అంటించి, ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు రాయాలట. రాయనివ్వమంటారా?
– ఒక తండ్రి, జడ్చర్ల

జవాబు: వద్దు. పేరు, తరగతి, బడి అడ్రసు చాలు. జవాబు కూడా బడికే రానివ్వండి, మీకు టెన్షన్ ఉండదు. పిన్ కోడ్ మాత్రం తప్పు పోకుండా చూడండి. 1972 ఆగస్టు 15న వచ్చిన ఆ ఆరంకెల్లో మొదటి 5 తెలంగాణ, ఆంధ్ర, కర్ణాటకలకు ఒకటే. తర్వాతి అంకెల్లోనే తేడా. మీది 509తో, నల్లగొండ 508తో మొదలవుతాయి. ఇక ఫోటో చోటులో పాపను తన బొమ్మ తనే వేసుకోమనండి. పోలిక రాకపోతే, జడ ఎన్ని పాయలో, కళ్లజోడు ఉందో లేదో పక్కన రాస్తుంది.